బాలింత గదిలో తెల్ల డబ్బా

ఖమ్మం,
12 డిసెంబరు 2024, గురువారం

ఈరోజు పనులు: పాలు కాచి తోడు పెట్టాను. కోడలు దీపిక పథ్యానికి వెల్లుల్లి కారం దంచాను. శొంఠి పొడి జల్లెడ పట్టాను. మెత్తబడిన పాత నూలు చీర చింపి, ఉడికించి, ఎండబెట్టి, పాపకు పొత్తిగుడ్డలు మడిచాను. ఇస్త్రీ మిగిలింది. ఈ ఉత్తరం మిగిలింది.

నాగలత వదిన గారికి,

పైన పనుల లెక్క చూసి నవ్వుకోకండి. రోజు ఎటు పోయిందో కాగితం మీద పెట్టుకుంటే తప్ప నాకు మాట మొదలు కాదు.

ఫోన్ చేయవచ్చు కదా అంటారు. మొన్న ఫోన్‌లో మనిద్దరి మాట ఎక్కడికో పోయింది. మీ ఇంట్లో స్పీకర్ పెట్టి మాట్లాడతారు. పక్కన ఎవరు వింటున్నారో తెలియక నేను ఒకటి అనబోయి ఇంకొకటి అంటాను. ఎలాగూ పథ్యం క్యారియర్ బస్సు పార్సిల్‌లో మన రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. దాని పై గిన్నెలో ఈ కాగితం పెడుతున్నాను.

ఆదివారం మా అబ్బాయి మురళీకృష్ణ వచ్చి, దీపిక మంచం తల దగ్గర గోడకు బిగించి వెళ్లిన తెల్ల డబ్బా గురించి చెప్పాలి. వాడు పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్రతి గదిలోనూ అలాంటివి ఉంటాయి. గదిలో వేడి ఎంత, చెమ్మ ఎంత, పొగ ఎంత, మనుషుల ఊపిరితో గాలి ఎంత బరువెక్కింది, ఇవన్నీ కొలిచి మీ ఇంటి నెట్ మీదుగా మా ఫోన్లకు పంపుతుంది. బాగుంటే పచ్చ గీత, బాగాలేకపోతే ఎర్ర గీత. ప్రమాదం అనుకుంటే ఈల వేస్తుంది.

ఆ డబ్బా కావాలన్నది నేనే. అబ్బాయిని ఏమీ అనకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. భద్రాచలం ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నన్ని రోజులూ పక్కనున్న అంకెలు చూస్తూ కూర్చున్నాను. అంకె కాస్త తగ్గితే నర్సు పరుగెత్తుకొచ్చేది. ఇంటికి వచ్చాక పాప పక్కన అంకెలు లేవు. తగ్గితే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

సోమవారం నుంచి చూస్తున్నాను. దీపాలు పెట్టే వేళకు పొగ గీత ఎర్రబడుతోంది. పిడకల కుంపటి, సాంబ్రాణి వల్లేనని అబ్బాయి అన్నాడు. దయచేసి పొగ తగ్గించండి. ఇంతకు మించి ఏమీ లేదు. మీ ఇంటి శుభ్రం గురించి నేను అనేది ఏముంటుంది?

బాకీలు: మీ క్యారియర్ మూత ఒకటి నా దగ్గర ఉండిపోయింది. వచ్చే పార్సిల్‌లో పంపుతాను.

మీ
నిర్మలాదేవి


దుమ్ముగూడెం,
15-12-2024, ఆదివారం

ఖమ్మం వదిన గారికి నాగలత నమస్కారాలు.

మీ ఉత్తరంలో పై భాగం చదివేసరికే అలసట వచ్చి కాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో పనులు లెక్కపెట్టే వాళ్లు లేరు, చేసేవాళ్లే ఉన్నారు. పొత్తిగుడ్డలు చాలా మెత్తగా ఉన్నాయి. దీపిక వాటిని చెంపకు ఆనించుకుని మీ వాసన వస్తుందని అంది.

డబ్బా సంగతి. మా వారి మేనత్త కొండమ్మ మీకు తెలుసు కదా, తల్లికీ బిడ్డకూ కాపుగా ఆ గదిలోనే పడుకుంటోంది. డబ్బాను కిందా మీదా చూసి, "ఏందే లతా, మీ వియ్యపురాలు కన్ను తీసి గోడకు పెట్టి పోయిందా?" అని అడిగింది. నేను నవ్వాను. దీపిక నవ్వలేదు. చీర మార్చుకోవాలన్నా ఇప్పుడు దానివైపు ఒకసారి చూస్తోంది.

శుభ్రం గురించి నేను అనేది ఏముంటుంది అని రాశారు. అనకుండానే అన్నారు వదిన గారూ. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన శనివారం మీరు మా గడప దాకా వచ్చారు. పీట వేశాను, విస్తరి వేశాను, మీకోసమని నాలుగు రకాలు వండాను. గ్లాసుడు మంచినీళ్లు తాగి బస్సెక్కారు. వియ్యపురాలు మనవరాలితో తొలిసారి ఇంటికొచ్చి చెయ్యి కడగకుండా పోతే వాడలో ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. ఆ మర్నాడే ఈ డబ్బా వచ్చింది. ఆ రెండిటినీ కలిపి చూడకుండా ఎలా ఉండమంటారు?

అయినా పొగ వద్దన్నారు, మానేశాను. పిడకలు పెరట్లో పారేయించాను, సాంబ్రాణి మూతపెట్టాను. ఇస్త్రీ బండి అతని దగ్గర తుమ్మ బొగ్గులు తెప్పించాను. బయట బాగా రాజేసి, నిప్పు ఎర్రగా అయ్యాకే కుంపటి లోపల పెడుతున్నాం. చుక్క పొగ ఉండదు. గోదావరి మీదుగా వచ్చే గాలి ఈ నెలలో ఎలా ఉంటుందో ఖమ్మంలో ఉండేవాళ్లకు తెలియదు. పిల్ల వణికిపోతుందని కిటికీ సందుల్లో గోనెపట్టాలు కూడా కుక్కాం. ఇక మీ ఫోన్ చూసుకోండి, పచ్చగానే ఉంటుంది.

బాకీలు రాసే అలవాటు మీది. మాది కూడా ఒకటి రాసుకోండి. మా ఇంట్లో ఒక ముద్ద.

నాగలత


ఖమ్మం,
19 డిసెంబరు, గురువారం

ఈరోజు పనులు: గోధుమలు ఎండబోశాను. సొరకాయ వడియాలు తిప్పాను. మంచం నవారు బిగించుకున్నాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

వదిన గారికి,

ముందు ముద్ద సంగతి. మీరు పీట వేసిన రోజు శనివారం. నాకు శనివారం ఒంటిపూట. పెళ్లయిన నాటి నుంచి ఉన్న నియమం. ఆ పూట ఆసుపత్రి దగ్గరే అయిపోయింది. మీకు తెలుసు అనుకున్నాను. దీపిక చెప్పే ఉంటుందనుకున్నాను. ఆ హడావిడిలో అదీ మర్చిపోయినట్టుంది. నేను నోరు తెరిచి చెప్పాల్సింది.

ఇక భయపడిన సంగతి. మీరన్నట్టే పొగ గీత పచ్చబడింది. సంతోషించే లోపే, సోమవారం సాయంత్రం డబ్బా ఈల వేసిందని ఫోన్ చెప్పింది. పొగ గీత కింద ఇంకో గీత ఎర్రబడి ఉంది. అది ఎప్పుడూ పచ్చగానే ఉండేది కాబట్టి అదేమిటో నేను అడిగి తెలుసుకోలేదు.

అబ్బాయి చెప్పింది మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బొగ్గు రాజుకుంటే పొగ రాకపోయినా ఒక గాలి వస్తుందట. కార్బన్ మోనాక్సైడ్ అంటారు. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు, కళ్లు మండవు. తల నొప్పి, కడుపులో తిప్పడం, మత్తు. మూసిన గదిలో అది పట్టుకుంటే నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే ఉండిపోతారట. వాడు వెంటనే మీ వారికి ఫోన్ చేశాడు. కుంపటి తీయిస్తానని అన్నయ్య గారు మాట ఇచ్చారు.

మంగళవారం నుంచి గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. మీరు నా భయాన్ని మన్నించారు. కొండమ్మ గారికి నచ్చి ఉండదు, ఆమెకు నా తరఫున చెప్పండి. కొత్త మిర్చి వచ్చేలోపు మెషీన్ల రిపేర్లని అబ్బాయికి సెలవు ఇవ్వడం లేదు. లేకపోతే ఆదివారమే వచ్చేవాడు. "అంతా పచ్చగా ఉంది కదమ్మా, ఇంక నిద్రపో" అంటున్నాడు. నిద్రపోతున్నాను.

బాకీలు: క్యారియర్ మూత పంపాను, తీరింది. మీ ఇంట్లో ఒక ముద్ద: రాసుకున్నాను.

మీ
నిర్మలాదేవి


దుమ్ముగూడెం,
23-12-2024, సోమవారం

వదిన గారికి,

శనివారం సంగతి చదివాను. దీపికను అడిగితే "అవ్ అమ్మా, అత్తమ్మ శనివారం తినదు" అని అప్పుడు చెప్పింది. ఆ మాట ముందే చెబితే నీ నోటి ముత్యాలు రాలేవా అని తిట్టాను. సరే, కారణం దొరికింది గానీ ముద్ద మాత్రం ఇంకా బాకీనే. శనివారం కాని రోజు చూసుకుని రండి.

సొరకాయ వడియాలు అందరం తిన్నాం. డబ్బాకు ఏ లోటూ లేదు, రోజూ దుమ్ము తుడుస్తున్నాను. మీ ఫోన్‌లో పచ్చగా ఉంది కదా, ఇక మీరు దాని గురించి బెంగ పెట్టుకోవద్దు.

మా వారు మిర్చి తోటకు మందు కొట్టించే పనిలో తెల్లారకముందే పోతున్నారు. ఇక్కడ చలి బాగా పెరిగింది. పొద్దెక్కేదాకా మంచు విడవడం లేదు. దీపికకు నాలుగైదు రోజులుగా తలనొప్పి. లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటుంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. బాలింతకు నిద్ర వస్తే పోనివ్వాలని కొండమ్మత్త లేపనివ్వడం లేదు. మీ వెల్లుల్లి కారం ఘాటు పడలేదని ఆమె తీర్పు. ఆమెకూ తల పట్టేసింది, గుడ్డ కట్టుకుని తిరుగుతోంది. "ఖమ్మం కారం నా నెత్తికి కూడా ఎక్కింది" అని నవ్విస్తోంది. ఈసారి కారం తగ్గించి పంపండి.

పాప మాత్రం బుద్ధిమంతురాలు. అసలు ఏడవదు. పాలకు కూడా మనమే లేపాలి, నాలుగు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూస్తుంది. రాత్రిళ్లు దీని గొంతే వినపడదు. దీపిక ఇంత ఉన్నప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. ఇది మీ పోలిక అయి ఉంటుంది, అంతా పద్ధతిగా.

నాగలత


28 డిసెంబరు, శనివారం
భద్రాచలం బస్సులో

ఈరోజు పనులు: పాలు పొంగిపోయాయి. గిన్నెలు సగం తోమి వదిలేశాను. తాళం వేశానో లేదో గుర్తు లేదు.

వదినా,

ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. రాయకపోతే చేతులు ఊరుకోవడం లేదు.

మీ క్యారియర్ నిన్న సాయంత్రం అందింది. పండుగ రద్దీలో పార్సిల్ ఎక్కడో ఆగిందట. గిన్నెలు తోమే వేళకే క్యారియర్ తెరవడం నా పద్ధతి. అందుకని నిన్న తెరవలేదు. మీ ఉత్తరం నా ఇంట్లో, నా గట్టు మీద, రాత్రంతా మూతకింద ఉంది. పొద్దున్న తీసి చదివాను.

ఏడవని పసిపిల్ల ఎక్కడైనా ఉంటుందా వదినా?

తలనొప్పి, మత్తు, వాంతి అని నేను మీకు రాసిన మాటలే మీరు నాకు తిరిగి రాశారు. కుంపటి తీసేశారు కదా, గీతలు పచ్చగా ఉన్నాయి కదా, మరి ఇదేమిటని ఫోన్ తీశాను. ఇన్నాళ్లూ రంగు మాత్రమే చూశాను. ఈరోజు అంకెలు చూశాను.

మనుషుల ఊపిరిని కొలిచే గీత ఒకటి ఉంటుందని రాశాను కదా. అది సాయంత్రం సీరియళ్ల వేళకు పైకి లేస్తోంది. అందరూ పడుకునే వేళకు దిగిపోతోంది. తెల్లారేదాకా ఖాళీ గదిలో ఉన్నట్టు ఉంటోంది. దీపిక, పాప, కొండమ్మ గారు తలుపు మూసుకుని పడుకునే గది అది. రాత్రంతా ఆ గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదని ఫోన్ చెబుతోంది. మొదట నాకు అర్థమైంది అదే.

కాసేపటికి వేడి ఎంత ఉందో చూడాలని తట్టింది. తెల్లవారుజామున మా వరండా అంత చల్లగా ఉంది. అది బాలింత గది కాదు. డబ్బా ఆ గదిలో లేదు. మీ ముందు గదిలో టీవీ పక్కన ఉంది. పోయిన వారం మంగళవారం నుంచి నేను పచ్చగా చూసి దండం పెట్టుకున్నది మీ ముందు గది గాలికి.

మరి ఆ గదిలో గాలి సంగతి ఎవరికి తెలుసు?

మీకు చేశాను, ఎత్తలేదు. పసిపిల్ల లేస్తుందని మీరు ఫోన్ సైలెంట్‌లో పెడతారని తెలుసు. అన్నయ్య గారికి చేశాను, మోగి ఆగిపోయింది. బాలింత ఫోన్ చూడకూడదని దీపిక ఫోన్ కొండమ్మ గారు ఎప్పుడో బీరువాలో పెట్టేశారు. అబ్బాయి కోల్డ్ రూములో ఉన్నాడు, ఆ గోడల్లోకి సిగ్నల్ పోదు. అక్కడి వాచ్‌మన్‌కు ఫోన్‌లో చెప్పి బస్టాండుకు పరుగెత్తాను. పాప టీకా కార్డు ఫోటో నా ఫోన్‌లో ఉంది. దాని మీద మీ ఊరి నర్సు తబితా నంబరు ఉంది. చేస్తే ఎత్తింది. అంతా చెప్పే ఓపిక లేక, కుంపటి, మూసిన గది, పిల్ల ఏడవడం లేదు అని మాత్రం అన్నాను. "అమ్మా, నేను పర్ణశాల కాడ ఉన్న. బండి తీస్తున్న" అంది. అంతే, పెట్టేసింది.

కొత్తగూడెం దాటాం. మీరు ఇంకా ఎత్తలేదు.

పక్క సీటులో ఆవిడ జామకాయ ఇచ్చింది. చేతిలో పట్టుకునే ఉన్నాను. ఏమైందమ్మా అని అడిగింది. ఏమైందో నాకు తెలియదు కదా. ఈ నిమిషానికి వాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. రాసిన తర్వాత ఆ మాట కొట్టేద్దామనుకున్నాను, కొట్టేస్తే నిజం అవుతుందేమోనని వదిలేశాను.

పాల్వంచ. డ్రైవరు టీకి ఆపాడు. అందరూ దిగారు. ఎవరి మీదా ఎప్పుడూ అరవని దాన్ని, పోనివ్వు బాబూ అని అరిచాను.

తబితా ఫోన్ చేసింది. "అమ్మా, ఊరికి రాకుండ్రి. భద్రాచలం దవాఖానకే రాండ్రి" అంది. ఎవరిని తెస్తున్నారని అడిగాను. లైన్ పోయింది. మళ్లీ కలవడం లేదు.

గోదావరి బ్రిడ్జి వచ్చింది. ఇక రాయలేను.


దుమ్ముగూడెం,
2-1-2025, గురువారం

వదినా,

ఆసుపత్రి గేటు దగ్గర మీరు నా చేతిలో పెట్టిన కాగితం ఆ రోజు చదవలేదు. నిన్న అందరూ ఇల్లు చేరాక, పెరట్లో కూర్చుని చదివాను. అక్కడ మీ ఎదుట నోరు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉన్నదంతా రాస్తాను, మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

డబ్బాను ముందు గదిలోకి మార్చింది నేనే. ఆ సోమవారం అది ఈల వేసినప్పుడు పాప ఉలిక్కిపడింది. కొండమ్మత్త దాన్ని తీసెయ్యమంది. మా వారు కుంపటి తీయమన్నారు. బిడ్డ చలికి బిగుసుకుపోతే ఎవరు పూచీ అని అత్త అడిగితే ఆయన తోటకు పోయారు. నాకు మాత్రం ఒకటే తోచింది. ఎరుపు మీ ఫోన్‌లో కనపడకూడదు. బాలింతను సరిగా చూసుకోలేని పుట్టిల్లు అని మీరు అనుకోకూడదు. టీవీ పక్కన పెట్టాను, పచ్చబడింది. మీరు సంతోషంగా ఉత్తరం రాశారు. అది చదివి నేనూ కుంపటి ఇంకా గదిలోనే ఉన్న సంగతి మర్చిపోయినట్టు ఉన్నాను.

శనివారం తెల్లారేసరికి చలి విపరీతంగా ఉంది. అత్త అర్ధరాత్రి లేచి కుంపటిలో ఇంకో పిడికెడు బొగ్గులు వేసిందట. నేను పొద్దున్న తలుపు ఓరగా తీసి చూశాను. ముగ్గురూ నిద్రపోతున్నారు. ముఖాలు ఎర్రగా, కళగా ఉన్నాయి. నా పిల్ల ఒళ్లు పట్టిందని మురిసి, గాలి పోతుందని తలుపు మళ్లీ మూసి, వంటింట్లోకి పోయాను. వదినా, నా చేత్తో మూశాను. మిరియాల చారు కాచాను. పాట పాడుకుంటూ కాచాను.

తబితా బండి గుమ్మం ముందే పడేసి వచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. "తలుపు తీయుండ్రి, అన్నీ తీయుండ్రి" అంటూ ముక్కుకు చున్నీ కట్టుకుని లోపలికి పోయింది. ముందు పాపను ఎత్తుకొచ్చి వాకిట్లో నా చేతుల్లో పెట్టింది. పాప తల నా మోచేతి మీద నుంచి పక్కకు వాలిపోయింది. నేను దాన్ని ఊపాను, పేరు లేని పిల్లను ఏమని పిలవాలో తెలియక అమ్మా అమ్మా అన్నాను. ఆమె నా చేతుల్లోంచి మళ్లీ లాక్కుని నోట్లో నోరు పెట్టి ఊదింది. వాడ కుర్రాళ్లు దీపికను మంచంతో సహా బయటికి తెచ్చారు. దాని చెయ్యి నేలకు రాసుకుంటూ వచ్చింది. కొండమ్మత్త పిలిస్తే పలికింది గానీ నిలబడలేకపోయింది. అంబులెన్స్ వచ్చేదాకా మంచులో, వాకిట్లో, ముగ్గురినీ వరుసగా పడుకోబెట్టుకుని కూర్చున్నాను. అంత గాలి ఉంది వదినా బయట. అంత గాలి ఉండి.

దారిలో ఆక్సిజన్ పెట్టారు. చర్ల రోడ్డు మలుపు దాటాక పాప మూలిగింది. భద్రాచలం చేరే లోపల ఏడ్చింది. మొదట పిల్లిపిల్లలా, తర్వాత గట్టిగా. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

గేటు దగ్గర మీరు నన్ను తిడతారనుకున్నాను. చెంప మీద కొట్టినా పడదామనుకున్నాను. మీరు నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే అడిగారు. "వదినా, పాప ఏడ్చిందా?" ఏడ్చింది అన్నాను. మీరు అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయారు. మీ చేతిలో జామకాయ ఇంకా ఉంది.

డాక్టరు తల్లీబిడ్డలిద్దరికీ గండం గడిచిందన్నారు. పాపను నెలనెలా చూపించమన్నారు, తల నిలపడం, చూపు నిలపడం గమనించమన్నారు. అది నాకు రోజంతా గుర్తుంటోంది.

కొండమ్మత్త నిన్న రాత్రి పైకప్పు చూస్తూ అంది. "నా చేతుల మీద ఇంతమంది బాలింతలు లేచి తిరిగిండ్రు. అప్పుడు పెంకుటిల్లు. సందు సందుకు గాలి ఆడేది. గీ స్లాబు ఏసినంక, గీ అద్దాల కిటికీలు పెట్టినంక, గాలి ఎటు పోతదని నాకెవరు చెప్పిండ్రు?" కుంపటి ఆమెదే గానీ ఇల్లు మేం కట్టించింది.

మీరు నన్ను ఒక్క మాట అనలేదు. ఆసుపత్రిలో అనలేదు, ఇంటికొచ్చినప్పుడూ అనలేదు. అదే నాకు భయంగా ఉంది. దీపికను, పాపను ఖమ్మం తీసుకుపోదామని మీ మనసులో ఉందా? ఉంటే అడ్డం చెప్పే ముఖం నాకు లేదు. కానీ ఐదో నెల రాకుండానే మా గడప దాటిస్తే నేను ఈ వాడలో కాదు, నా ఇంట్లోనే తలెత్తుకోలేను. మీరు ఏది రాస్తే అది.

నాగలత


ఖమ్మం,
6 జనవరి 2025, సోమవారం

ఈరోజు పనులు: పాలు కాచాను, పక్కనే నిలబడి కాచాను. వెల్లుల్లి కారం దంచాను, ఘాటు తగ్గించలేదు. కొండమ్మ గారికి ఉన్ని శాలువా కొన్నాను. పాపకు టోపీలు అల్లడం మొదలుపెట్టాను. మీ ఉత్తరానికి జవాబు రాయడం మూడుసార్లు వాయిదా వేశాను, ఇప్పుడు రాస్తున్నాను.

వదినా,

దీపికా పాపా మీ దగ్గరే ఉంటారు. ఐదో నెల దాకా ఉంటారు. ఈ మాట ముందు రాసేస్తే మిగతాది మీరు నెమ్మదిగా చదువుకుంటారని ముందు రాశాను.

మిమ్మల్ని ఏమీ అనలేదంటే కడుపులో పెట్టుకున్నానని కాదు. బస్సులో కూర్చున్నంతసేపూ ఎవరిని అనాలా అని వెతికాను. వెతికితే నా మొదటి ఉత్తరం దగ్గర ఆగింది. పొగ తగ్గించమన్నది నేను. పొగ ఉన్నన్నాళ్లూ కళ్లు మండి మీరే తలుపు తీసేవారు. పొగ లేని నిప్పు తెచ్చి తలుపు మూశారు, నేను ఫోన్‌లో పచ్చ చూసి మెచ్చుకున్నాను. కొండమ్మ గారికి ఇల్లు మారిన సంగతి తెలియలేదు. నాకు డబ్బా మారిన సంగతి తెలియలేదు. ఆమెకు శాలువా అందుకే. నెత్తికి కట్టుకోవడానికి కాదు, భుజాన వేసుకోవడానికి అని చెప్పండి.

అబ్బాయి డబ్బాను మళ్లీ గోడకు బిగించి వచ్చాడు. కుంపటి బదులు వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టమన్నారు డాక్టరు. కిటికీ రెండు వేళ్ల సందు ఎప్పుడూ తీసే ఉంచండి. దీపిక చీర మార్చుకునేటప్పుడు డబ్బా మీద తువ్వాలు వేసుకోమనండి, అది చూడదు, గాలిని మాత్రమే కొలుస్తుంది, అయినా వేసుకోమనండి. ఈసారి ఈల వేస్తే ముందు తలుపు తీయండి. తర్వాత నన్ను తిట్టుకోండి.

నా భయం పోయిందని అబద్ధం రాయను. నడిరాత్రి మెలకువ వస్తోంది. చేయి దానంతటదే ఫోన్ మీదకు పోతోంది. ఊపిరి గీత చూస్తాను. మీ తలుపు మూసుకున్నాక అది కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది, కిటికీ సందు ఉంది కాబట్టి ఒకచోట ఆగుతుంది. ఆ గీత అలా లేస్తోందంటే అక్కడ ముగ్గురు ఊపిరి తీస్తున్నారని. చూసి పడుకుంటాను. కాసేపటికి మళ్లీ చూస్తాను. ఇది ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలియదు. పాప తల నిలిపిన రోజు ఫోన్ చేయండి. స్పీకర్ పెట్టండి, అందరూ వినండి.

ఒక సంగతి మీరు మీ ఉత్తరంలో రాయలేదు, మర్చిపోయారేమో. ఆ శనివారం సాయంత్రం డాక్టరు ధైర్యం చెప్పాక, పాప బట్టలకని మనిద్దరం మీ ఇంటికి వెళ్లాం. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. ఇల్లంతా చలి. కుంపటి పెరట్లో బోర్లా పడి ఉంది. మీరు బట్టలు సర్దుతుంటే నేను మీ వంటింట్లోకి వెళ్లాను. దీపిక కోసం పొద్దున్న వండిన అన్నం, మిరియాల చారు మూతపెట్టినవి అలాగే ఉన్నాయి. నేను పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. పీట వాల్చుకుని కూర్చుని, వడ్డించండి వదినా అన్నాను. చల్లారిపోయింది, వేడి చేస్తానన్నారు మీరు. పొయ్యి వెలిగించవద్దన్నాను. ఆ పూట మనిద్దరికీ నిప్పు చూసే ధైర్యం లేదు.

చల్లటి అన్నంలో చల్లటి చారు పోశారు. సగం పీట మీద పడింది. నేను తిన్నాను. ఆ శనివారం నా ఒంటిపూట మీ ఇంట్లో అయింది.

బాకీలు: మీ ఇంట్లో ఒక ముద్ద. తీరింది.

మీ
నిర్మల